బేసిక్స్ వీక్ అంటారు, ఏ బేసిక్?



మెరిట్ మీద రాస్తున్న ఈ వరుసలో ఇది ఆరో భాగం. ఈసారి బాక్సింగ్ రింగ్ దాకా వెళ్దాం. కారణం మా కాలేజీలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. "సార్, డియాంటే వైల్డర్‌కి బాక్సింగ్ బేసిక్సే రావని అందరూ అంటారు. మరి ఐదేళ్లు హెవీవెయిట్ చాంపియన్‌గా ఎట్లా ఉన్నాడు? అసలు బేసిక్స్ అనేదే పెద్ద అబద్ధమా?"

అతను అడిగింది వైల్డర్ గురించి మాత్రమే కాదు. ఆ వారమే మాదాపూర్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. ఫస్ట్ రౌండ్ రాతపరీక్ష దాటాడు. ప్యానెల్ ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. బయటికొచ్చాక చెప్పింది రెండే ముక్కలు: ఫండమెంటల్స్ వీక్. ఏది వీక్ అని అడిగితే జవాబు లేదు.

నా జవాబు ముందే చెప్పేస్తా. బేసిక్స్ అబద్ధం కాదు. రింగులో అబద్ధం మూడు నిమిషాలు కూడా నిలబడదు. కానీ "బేసిక్స్ లేవు" అనే మాట చాలాసార్లు అబద్ధం. ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకోకపోతే మనం రెండు విధాలా నష్టపోతాం.

ముందు ఆట సంగతి చూద్దాం.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 200 పౌండ్లు, అంటే దాదాపు 91 కిలోలు దాటినవాళ్లు హెవీవెయిట్లు. పైన పరిమితి లేదు. ఒక్క దెబ్బతో ఆట ముగిసిపోయే తరగతి ఇది. అందుకే చూసేవాళ్ల కళ్లన్నీ పిడికిలి మీదే ఉంటాయి. ఎదుటివాణ్ణి పడగొడితే గొప్పోడు, పడితే పనికిరానోడు. హైలైట్స్ చూసి బాక్సర్‌ని అంచనా వేసేవాళ్లందరూ ఇట్లాగే చూస్తారు.

చూడాల్సింది పాదాలు. కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడతాడు. ముందుకు పోయినా వెనక్కి జరిగినా కాళ్ల మధ్య దూరం చెడకూడదు, ఒక కాలు ఇంకో కాలిని దాటకూడదు. రెండు పాదాలు దగ్గరికొచ్చిన ఆ అరక్షణంలో చిన్న దెబ్బ తగిలినా 110 కిలోల మనిషి కూలిపోతాడు. జనం దాన్ని "పవర్" అంటారు. కోచ్ మాత్రం "కాళ్లు కలిశాయి" అంటాడు.

తర్వాత జాబ్. ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ. అది పడగొట్టేది కాదు, కొలిచేది. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో, ఎటు కదులుతాడో, దేనికి బెదురుతాడో చెప్పేది అదే. జాబ్ ఎంత వేగంగా పోయిందన్నది సగం సంగతే. మిగతా సగం, ఆ చెయ్యి ఏ దారిన వెనక్కి వచ్చిందన్నది. పోయిన దారినే చెంప దగ్గరికి రావాలి. కిందికి జారుతూ వస్తే ఆ ఖాళీలోకి ఎదుటివాడి కుడిచెయ్యి దూరుతుంది.

మూడోది, గురి తప్పిన తర్వాత ఏమవుతుందో చూడాలి. తగిలిన దెబ్బలో అందరూ అందంగానే ఉంటారు. తప్పిన దెబ్బ తర్వాత నిలదొక్కుకున్నాడా, బోర్లా పడబోయాడా అన్నది అసలు పరీక్ష. హెవీవెయిట్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అతని సొంత బరువే అతన్ని లాగేస్తుంది. నాలుగోది ఊపిరి. మొదటి రౌండ్లో ఉన్న కాళ్లు, గార్డు ఎనిమిదో రౌండ్లోనూ ఉన్నాయా? అలసిపోయినప్పుడు కూడా మిగిలేదాన్నే ఫండమెంటల్ అంటారు.

ఇప్పుడు వైల్డర్. ఇతను చిన్నప్పటి నుంచి జిమ్‌లో పెరిగినవాడు కాదు. పుట్టుకతో వెన్నెముక జబ్బు ఉన్న కూతురి వైద్యానికి డబ్బు కావాలని దాదాపు ఇరవై ఏళ్ల వయసులో గ్లవ్స్ తొడిగాడు. మూడేళ్లకే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. 2015 జనవరిలో చాంపియన్ అయ్యాడు, పదిసార్లు టైటిల్ కాపాడుకున్నాడు. అతని కాళ్లు చెదురుతాయి, దెబ్బలు వెడల్పుగా తిరిగొస్తాయి, నిజమే. 2020 ఫిబ్రవరి 22న టైసన్ ఫ్యూరీ ముందు ఆ లోపాలన్నీ బయటపడ్డాయి. ఏడో రౌండ్లో అతని పక్షంవాళ్లే టవల్ విసిరారు. కాబట్టి విమర్శ తప్పు కాదు. కానీ ఆ కుడిచేతి దెబ్బ ఎంత దూరం నుంచి, ఏ క్షణంలో వేయాలో తెలియడం కూడా ఒక విద్యే. ఆలస్యంగా మొదలుపెట్టినవాడు తనకున్న సమయంలో ఏది సాధించగలడో దాన్ని పదును పెట్టుకున్నాడు. మొదటి తరం చదువుకున్న మనలాంటి వాళ్లకి ఈ లెక్క వేరే వాళ్లు చెప్పక్కర్లేదు.

మహమ్మద్ అలీ సంగతి ఇంకా చిక్కుది. చేతులు నడుము దగ్గర వేలాడేసేవాడు. దెబ్బ వస్తే పక్కకు తప్పుకోకుండా తల వెనక్కి లాగేవాడు. పొట్ట మీద కొట్టేవాడే కాదు. పుస్తకం ప్రకారం మూడూ తప్పులే. 1964 ఫిబ్రవరి 25న మయామీలో సోనీ లిస్టన్‌తో తలపడే ముందు అడిగితే 46 మంది పత్రికా రచయితల్లో 43 మంది లిస్టనే గెలుస్తాడన్నారు. లిస్టన్ ఏడో రౌండ్‌కి స్టూల్ మీంచి లేవలేదు.

ఆ 43 మంది ఎక్కడ తప్పారు? వాళ్లు చెప్పిన లోపం ఉన్నదే. 1963లో హెన్రీ కూపర్, 1971 మార్చి 8న జో ఫ్రేజియర్, ఇద్దరూ అలీని ఎడమ హుక్‌తోనే పడగొట్టారు. కిందికి దించిన కుడిచేతికి అది శిక్ష. కానీ గార్డు ఎందుకు? దెబ్బ తగలకుండా ఉండటానికి. ఆ పని చేతులతో చెయ్యొచ్చు, కాళ్లతో, దూరంతో కూడా చెయ్యొచ్చు. అలీ కాళ్లతో చేశాడు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967 నుంచి మూడున్నరేళ్లు అతన్ని రింగుకి దూరం చేశారు. తిరిగొచ్చేసరికి కాళ్లు నెమ్మదించాయి, అప్పుడు చేతుల లోపం ఖరీదైంది. ఇదీ నిజాయితీగా తూచే పద్ధతి. ఫండమెంటల్ అంటే రూపం కాదు, పని. చెయ్యి ఎక్కడుంది అన్నదాని కంటే చెయ్యాల్సిన పని జరుగుతోందా అన్నది ముఖ్యం.

రూపం చూసి మోసపోయినవాళ్లకి 2019 జూన్ 1 గుర్తుండాలి. న్యూయార్క్‌లో ఒకవైపు శిల్పంలా చెక్కిన దేహంతో ఆంథోనీ జాషువా. ఇంకోవైపు ఆఖరి వారాల్లో వేరొకరి బదులు వచ్చిన ఆండీ రూయిజ్, పొట్ట నిక్కరు మీదికి జారుతూ. బరువు చూసే రోజు నుంచే జనం నవ్వారు. రూయిజ్ చేతులు జాషువా చేతుల కంటే వేగమైనవి, దెబ్బ వెనకే దెబ్బ పడేది. జాషువా నాలుగుసార్లు పడ్డాడు, ఏడో రౌండ్లో ఆట ఆగింది. ఆర్నెల్ల తర్వాత అదే జాషువా దూరం పెట్టి, జాబ్ వేస్తూ, పన్నెండు రౌండ్లు కాళ్ల మీద తిరిగి టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు. రెండు రాత్రులూ గెలిచింది ఫండమెంటల్సే. రెండిట్లోనూ కండలతో పనిపడలేదు.

ఇక అసలు విషయం. తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

1892లో జేమ్స్ కార్బెట్ అనే తెల్లవాడు దెబ్బలు తప్పించుకుంటూ, అలసిపోయేలా తిప్పుతూ జాన్ సలివన్‌ని ఓడించాడు. బాక్సింగ్‌ని శాస్త్రం చేశాడని, జెంటిల్మన్ అని మెచ్చుకున్నారు. 1908లో సిడ్నీలో జాక్ జాన్సన్ మొదటి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఎదుటివాడి దెబ్బల్ని గాల్లోనే అరచేత్తో పట్టుకునేవాడు, ఓపిగ్గా కాచుకొని తిప్పికొట్టేవాడు. అదే విద్య. కానీ ఇతన్ని బద్ధకస్తుడన్నారు, గుండె లేనివాడన్నారు. 1910 జూలై 4న, రిటైరైన జెఫ్రీస్‌ని తెల్లజాతి పరువు కాపాడమని తెచ్చి నిలబెడితే అతన్నీ జాన్సన్ ఓడించాడు. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. తెల్లవాడు చేస్తే శాస్త్రం, నల్లవాడు చేస్తే స్వభావం.

ఈ వాక్యం మనకు కొత్తా? మృదంగం వాయిస్తే సాధన అంటారు. డప్పు కొడితే "వాళ్ల రక్తంలోనే ఉంది" అంటారు. చిర్ర ఒక చేత, చిటికెన పుల్ల ఇంకో చేత పట్టుకొని దరువు తర్వాత దరువు మార్చే చేతికి ఎన్నేళ్ల అభ్యాసం ఉందో ఎవరూ అడగరు. తోలు కొలిచి, కోసి, కుట్టే చేతి లెక్కని కులవృత్తి అని ఒక్క మాటతో కొట్టేస్తారు. తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతి ఒక్కరూ విన్న మాట ఒకటుంది: దళిత కవిత్వంలో ఆవేశం ఉంది గానీ శిల్పం లేదు. బాక్సింగ్ భాషలో చెప్పాలంటే, పవర్ ఉంది గానీ బేసిక్స్ లేవు! సరే, ఛందస్సే బేసిక్ అనుకుందాం. జాషువా పద్యాన్ని వాళ్ల కొలతల్లోనే, వాళ్ల కంటే బాగా రాశాడు కదా. అప్పుడైనా సమానంగా కూర్చోబెట్టారా? పద్యం మెచ్చుకున్న నోటితోనే కులం అడిగారు. కొలతకి సరిపోయినవాణ్ణి కూడా బయట నిలబెట్టారంటే వాళ్లు చూస్తున్నది కొలత కాదు.

మరి నిజమైన తీర్పు ఎట్లా ఉంటుంది? జో లూయీ కథ చూడండి. 1930ల్లో అమెరికా పత్రికల్లో పేరున్న రచయితలే అతన్ని అడవి జంతువుతో పోల్చి రాశారు. ఆ "జంతువు" వెనక జాక్ బ్లాక్‌బర్న్ అనే నల్లజాతి కోచ్ ఉన్నాడు. నిలకడ, పొట్టి దెబ్బలు, తూకం ఒక్కొక్కటిగా నేర్పాడు. రాసేవాళ్లకి ఆ పాఠం కనబడలేదు.

కనబడింది ఒక ప్రత్యర్థికి. జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ లూయీ ఆడిన ఫిల్ములు మళ్లీ మళ్లీ చూశాడు. జాబ్ వేశాక లూయీ ఎడమచెయ్యి కిందికి జారుతోందని పసిగట్టాడు. 1936 జూన్ 19న ఆ ఖాళీలోకే కుడిచెయ్యి వేస్తూ పోయి పన్నెండో రౌండ్లో పడగొట్టాడు. లూయీ ఆ లోపం సరిచేసుకున్నాడు. 1938 జూన్ 22న ఇద్దరూ మళ్లీ ఎదురుపడితే ఆట 2 నిమిషాల 4 సెకన్లలో ముగిసింది. లూయీ 1937 నుంచి 1949 దాకా చాంపియన్. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఈనాటికీ పిల్లలకి ఫండమెంటల్స్ చూపించాలంటే కోచ్‌లు అతని ఫిల్ములే పెడతారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. లూయీని జంతువుగా చూసినవాళ్లు ప్రెస్ కుర్చీల్లో ఉన్నారు. సరిగ్గా చూసినవాడు రింగులో ఉన్నాడు. ష్మెలింగ్ మహానుభావుడని కాదు, తప్పుగా చూస్తే దెబ్బ తినేది తనే కాబట్టి. తీర్పు తప్పైతే తనకూ నష్టమున్నవాడు నిజం చూస్తాడు. ఏ నష్టమూ లేనివాడు తనకు నచ్చింది చూస్తాడు. ఇంకో సంగతి, ష్మెలింగ్ చూసిన లోపానికి ఒక చోటు ఉంది, ఒక క్షణం ఉంది, ఒక ఫలితం ఉంది. అందుకే దాన్ని సరిదిద్దుకోగలిగాడు లూయీ. "జంతువు" అన్న మాటని ఎవరు సరిదిద్దుకోగలరు?

మన నేల మీదికొద్దాం. మనకు దగ్గరి ఉదాహరణ హెవీవెయిట్ కాదు, అందులో సగం బరువున్న నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2019లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్‌కి 51 కిలోల విభాగంలో ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ని పంపే మాట వచ్చినప్పుడు, నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. అడిగింది ఒక్కటే, న్యాయమైన ట్రయల్. మేరీ కోమ్ కూడా మణిపూర్ గిరిజన బిడ్డ, అంచుల నుంచే పైకొచ్చింది, ఆమెను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ప్రశ్న వ్యక్తుల మీద కాదు, పద్ధతి మీద. డిసెంబర్ 28న ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1తో ఓడింది. చాలామంది నవ్వారు, అంత గొడవ చేసి ఓడిందని. వాళ్లకి అర్థం కానిదేంటంటే, ఆమె గెలుపు అడగలేదు, తూకం అడిగింది. ఓడితే ఎక్కడ ఓడిందో తెలుస్తుంది. తలుపే తియ్యకపోతే ఏమీ తెలియదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్ 5-0తో గెలిచి ప్రపంచ చాంపియన్ అయింది. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. ఆమెకు మొదట్లో బాక్సింగ్ నేర్పిన నిజామాబాద్ కోచ్ శంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ కూడా 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చాడు. ఒక జిల్లా కేంద్రంలో నేర్పిన బేసిక్స్ అవి.

"మనుషుల్ని నమ్మకపోతే మెషిన్‌ని పెడదాం" అంటారు ఐటీ మిత్రులు. బాక్సింగ్‌లో అదీ చేసి చూశారు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించాడు, కొరియా బాక్సర్ 32. జడ్జీలు 3-2తో కొరియా బాక్సర్‌ని గెలిపించారు. ఆ సిగ్గుతో 1992 నుంచి కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులోపు బటన్ నొక్కితేనే పాయింట్. ఏమైంది? దూరం నుంచి ముట్టుకొని పారిపోయే ఆట పెరిగింది. పొట్ట మీద పడే దెబ్బలు, గుక్కతిప్పుకోకుండా వేసే వరుస దెబ్బలు లెక్కకు రాకుండా పోయాయి. 2013లో దాన్ని తీసేసి మళ్లీ పది పాయింట్ల పద్ధతికి వచ్చారు. 2016 రియోలో మళ్లీ అక్రమాలు జరిగాయని 2021లో మెక్‌లారెన్ విచారణ తేల్చింది. బటన్ నొక్కే వేలు మనిషిదే. ఏది పాయింటో నిర్ణయించేదీ మనిషే. రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

ఇప్పుడు మాదాపూర్ ప్యానెల్ గదిలోకి రండి. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ చేసిన అధ్యయనం వచ్చింది. 66 వారాల పాటు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే, పేరు మాత్రమే మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోయింది, ముస్లిం పేరుకి మూడో వంతుకి. ఇంకా ఇంటర్వ్యూ దాకా పోలేదు, బేసిక్స్ ఎవరూ చూడలేదు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ అధికారుల్ని కలిసి మాట్లాడారు. మాకు మెరిటే ముఖ్యం అని చెప్పినవాళ్లే అభ్యర్థి "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్" అడుగుతామనీ చెప్పారు. జాబ్ చూడకుండా ఇంటి అడ్రస్ చూసే జడ్జి అన్నమాట.

హైటెక్ సిటీ కట్టిన చేతులు, ఊడ్చే చేతులు, రాత్రుళ్లు గేటు దగ్గర కాపలా కాసే చేతులు ఎవరివో చెప్పక్కర్లేదు. వాటికి ఎవరూ ఫండమెంటల్స్ పరీక్ష పెట్టలేదు. ఇదే ఐటీ కారిడార్ మధ్యలో గచ్చిబౌలి స్టేడియం ఉంది. అది లోక్‌సభకు మొదటి దళిత స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు మీద ఉంది. రోజూ దాని ముందు నుంచి పోయే వేలమందిలో ఆ పేరు ఎవరిదో ఎంతమందికి తెలుసు? మన పేరు గోడ మీద ఉండొచ్చు, ప్యానెల్ బల్ల మీదికొచ్చిన రెజ్యూమె మీద ఉంటే మాత్రం కష్టం.

నా విద్యార్థికి చెప్పింది మీకూ చెప్తున్నా.

ఒకటి. బేసిక్స్‌ని శత్రువుకి వదిలేయకండి. డేటా స్ట్రక్చర్స్ కావచ్చు, ఇంగ్లిష్ వాక్యం కావచ్చు, ఛందస్సు కావచ్చు, అవి ఎవరి తాత ఆస్తీ కాదు. "వాళ్ల కొలతలు మాకెందుకు" అనే మాట సభలో చప్పట్లు తెస్తుంది, రింగులో దవడ పగలగొడుతుంది. బాబాసాహెబ్ ఆ కొలతలన్నీ నేర్చుకొని, వాటితోనే వాళ్ల శాస్త్రాలని కొలిచాడు. మనలో ముందు వెళ్లినవాళ్లు బ్లాక్‌బర్న్‌లు కావాలి. ఐటీలో పదేళ్లు చేసిన అన్నలు, అక్కలు ఆదివారం రెండు గంటలు హాస్టల్ పిల్లలకి మాక్ ఇంటర్వ్యూ పెట్టండి. మొహమాటం లేకుండా తప్పు చూపించండి. మనవాడని వదిలేసే తీర్పు కూడా దొంగ తీర్పే.

రెండు. ఎవరైనా "బేసిక్స్ వీక్" అంటే తల దించుకొని రాకండి, తిట్టుకుంటూ కూడా రాకండి. మర్యాదగా అడగండి: ఏ ప్రశ్నలో, ఏ మెట్టు దగ్గర, దానివల్ల ఏ పని ఆగుతుంది? చెప్పగలిగితే ఆ మనిషి ష్మెలింగ్. కోపం వచ్చినా సరే, రాసుకొని వచ్చి సరిదిద్దుకోండి. చెప్పలేకపోతే అతను చూసింది మీ ఆట కాదు. ఈ అడగడం ఒక్కొక్కరి ధైర్యం మీద వదిలేస్తే కుదరదు. తిరస్కరించిన ప్రతి అభ్యర్థికీ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, ప్యానెళ్లలో ఎవరున్నారో, ఎవర్ని తీసుకున్నారో లెక్కలు బయటపెట్టాలని విద్యార్థి సంఘాలు డిమాండ్ చెయ్యాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం చేసే పోరాటంలో ఇది కూడా భాగమే.

2024 మే 18న రియాద్‌లో ఉసిక్ తనకంటే అరడుగు పొడవున్న ఫ్యూరీని కాళ్లతో, కోణాలతో ఓడించి తిరుగులేని చాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి కూడా ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఫ్యూరీకే ఓటేశారు. తీర్పు ఎప్పుడూ మనుషులదే, తేడాలు ఉంటాయి. కానీ ఆ ముగ్గురూ రౌండ్ రౌండ్‌కీ అంకె వేసి, సంతకం పెట్టి, కార్డు బయటపెట్టారు. ఎవరైనా ప్రశ్నించొచ్చు.

మనం అడుగుతున్నది ఆ కార్డే. మాది మాకు చూపించండి.

జై భీమ్.